కదలిక లేని లాగిన్ తనంతట తానే మూసుకోవాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు దుకాణాలకూ పాఠశాలలకూ తెలుగు సంఘాలకూ వెబ్‌సైట్లు చేసిపెట్టేవాళ్లు, ఆ వెబ్‌సైట్లను కౌంటర్‌లో కూర్చుని వాడేవాళ్లు, కాసేపు కదలిక లేకపోతే లాగిన్‌ను దానంతట అదే మూసే ఏర్పాటు (ఆటో లాగౌట్) గురించి అడిగే సందేహాలు దాదాపు ఒకటే. ఒకరికి ఫోనులో చెప్పిన జవాబే మళ్లీ ఇంకొకరికి చెప్పాల్సి వస్తోంది కనుక అన్నిటినీ ఒకచోట పెట్టాను. ఎవరి ప్రశ్న దగ్గరికి వాళ్లు నేరుగా వెళ్లవచ్చు. జవాబు అక్కడే పూర్తవుతుంది.

## మొదలుపెట్టే ముందు

మాది చిన్న వెబ్‌సైటు. ఆటో లాగౌట్ మాకు నిజంగా అవసరమా?

వెబ్‌సైటు చిన్నదా పెద్దదా అన్నది కాదు, దాన్ని ఎవరి కంప్యూటర్‌లో తెరుస్తున్నారన్నది చూడండి. సొంత ఫోనుకు తాళం ఉంటుంది. కానీ మన ఊళ్లలో స్కాలర్‌షిప్ దరఖాస్తు, ఫీజు రసీదు, చీటీ బకాయి వంటివి చాలామంది బజారులోని ఇంటర్నెట్ సెంటర్‌లోనో, కాలేజీ ల్యాబ్‌లోనో, తెలిసినవాళ్ల దుకాణంలోనో చూసుకుంటారు. మనవరాలి దరఖాస్తు కోసం వచ్చిన పెద్దాయన ప్రింటు చేతికి రాగానే డబ్బులిచ్చి లేచిపోతారు. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు ఉన్న పేజీ తెరమీద అలాగే ఉంటుంది, ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. లాగిన్ అయ్యాక ఒక మనిషి చిరునామా, మార్కులు, బాకీ, ఖాతా వివరాల్లో ఏ ఒక్కటి కనిపించినా ఆటో లాగౌట్ కావాలి. ధరలూ పనివేళలూ మాత్రమే చూపే వెబ్‌సైటుకు అక్కరలేదు. నిజానికి దానికి లాగిన్ కూడా అక్కరలేదు.

"పని అయ్యాక లాగౌట్ నొక్కండి" అని బోర్డు పెడితే సరిపోదా?

పెట్టండి, దాన్నే నమ్ముకోకండి. చాలామంది దృష్టిలో కిటికీ మూలన ఉన్న గుర్తు నొక్కి మూసేయడమే లాగౌట్. పైగా మనమే ఆ బటన్‌ను మూడు గీతల మెనూ కింద దాచిపెడతాం.

బ్రౌజర్ మూసేస్తే లాగౌట్ అయినట్టే కదా?

అవ్వాలి, కానీ చాలాసార్లు కాదు. లాగిన్ గుర్తుగా బ్రౌజర్ దాచుకునే చిన్న వివరాన్ని కుకీ అంటారు. గడువు రాయని కుకీ బ్రౌజర్ మూయగానే పోవాలన్నది పాత నియమం. క్రోమ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ 'ఆపిన చోటినుంచే కొనసాగించు' అనే ఏర్పాటు ఆన్‌లో ఉంటే ఆ కుకీ కూడా తిరిగి వస్తుంది.

మన వైపు ఇంకో చిక్కుంది. గాలి గట్టిగా వీస్తే ముందు పోయేది కరెంటు. యూపీఎస్ లేని కంప్యూటర్ ఉన్నపళంగా ఆగిపోతుంది. తిరిగి వెలిగాక బ్రౌజర్ తెరిస్తే, సరిగా మూయలేదు, పాత పేజీలు మళ్లీ తెరవమంటారా అని అడుగుతుంది. అప్పుడు కుర్చీలో ఉన్న మనిషి సరేనంటే ముందు కూర్చున్న మనిషి ఖాతా తెరుచుకోవచ్చు. గడువు ఎక్కువ పెట్టిన వెబ్‌సైటైతే ఇది గంటల తర్వాత కూడా జరుగుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను దెబ్బతీసినప్పుడు చాలా ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. జాంగో అనే వెబ్‌సైట్ల తయారీ సాధనంతో చేసిన వెబ్‌సైటులో లాగిన్ గడువు మార్చకుండా వదిలేస్తే రెండు వారాలు. అన్ని రోజుల చీకటి తర్వాత కూడా ఆ ఖాతా తెరిచే ఉంటుంది. కనుక ఎప్పుడు మూసేయాలో సర్వరే (వెబ్‌సైటును నడిపే అవతలి కంప్యూటరే) నిర్ణయించాలి, మన ముందున్న కంప్యూటర్ ఆరిపోయిందా వెలుగుతోందా అన్నది దానికి అనవసరం.

లాగౌట్ అంటే అసలు లోపల ఏం జరుగుతుంది?

వెబ్‌సైటుకు తనంతట జ్ఞాపకం ఉండదు. మీరు అడిగే ప్రతి పేజీ దానికి కొత్త మనిషి అడిగినట్టే. అందుకే లాగిన్ కాగానే సర్వరు ఒక పొడవాటి సెషన్ నంబరు (లాగిన్ నుంచి లాగౌట్ దాకా సాగేదే సెషన్) ఇచ్చి, అది మీదేనని తన దగ్గర రాసుకుంటుంది. బ్రౌజర్ ఆ నంబరును కుకీగా దాచుకుని ప్రతిసారీ చూపిస్తుంది. 1994లో బ్రౌజర్ కంపెనీ నెట్‌స్కేప్‌లో పనిచేస్తున్న లూ మాంటుల్లీ తెచ్చిన ఏర్పాటు ఇది. గుడి బయట చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెన్ లాంటిది. మీ చేతిలోని బిళ్ల పారేసినంత మాత్రాన అరలోని చెప్పులు మాయం కావు, అదే నంబరు బిళ్ల చేతిలో ఉన్న మరొకరు వచ్చి తీసుకుపోవచ్చు. సర్వరు తన పుస్తకంలోంచి ఆ నంబరును కొట్టేసినప్పుడే లాగౌట్ అయినట్టు. తెరమీద లాగిన్ పేజీ చూపించి ఊరుకుంటే అది నటన.

## సమయం నిర్ణయించేటప్పుడు

ఎన్ని నిమిషాలు పెట్టాలి?

వెబ్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ సూచన ప్రకారం డబ్బుతోనో అంత విలువైన వివరాలతోనో ముడిపడినవాటికి 2 నుంచి 5 నిమిషాలు, ప్రమాదం తక్కువున్నవాటికి 15 నుంచి 30 నిమిషాలు. కార్డు చెల్లింపుల భద్రతా ప్రమాణమైన పీసీఐ డీఎస్ఎస్, 15 నిమిషాలకు మించి కదలిక లేకపోతే మళ్లీ గుర్తింపు అడగాలంటుంది.

ఈ అంకెలను తెచ్చి అతికించే ముందు మీ దగ్గర పని ఎలా సాగుతుందో ఒక పూట కూర్చుని చూడండి. దరఖాస్తు నింపుతున్న అమ్మాయి బ్యాంకు శాఖ కోడ్ దగ్గర ఆగుతుంది. ఇంటికి ఫోను చేస్తే అవతల అమ్మ పాసుపుస్తకం వెతుకుతుంది. దొరికాక అంకెలు ఒక్కొక్కటే చదువుతుంది, మధ్యలో ఒకటి తప్పు, మళ్లీ మొదటినుంచి. అక్కడే పది నిమిషాలు గడుస్తాయి. ఆ పని మధ్యలో సహజంగా వచ్చే అతి పెద్ద విరామం ఎంతో తెలుసుకుని, దానికి ఇంకొంచెం కలపండి. మన చిన్న వెబ్‌సైట్లలో ఎక్కువవాటికి 15 నిమిషాలు సరిపోతుందని నా అభిప్రాయం. టీచర్లు మార్కులు ఎక్కించే పేజీకి 30 ఇవ్వండి. డబ్బు పంపే పేజీ ఒక్కదానికీ 5 పెట్టండి. వెబ్‌సైటంతటికీ ఒకే అంకె ఉండాలన్న నియమం లేదు.

మనిషి పని చేస్తూనే ఉన్నా ఎప్పుడో ఒకప్పుడు లాగౌట్ చేయాలా?

చేయాలి. సెషన్ నంబరు దొంగిలించినవాడు నాలుగు నిమిషాలకోసారి పేజీని తాజా చేస్తూ ఉంటే కదలిక లేదనే మాటే రాదు. అందుకని మొత్తం గడువు ఒకటి వేరుగా ఉండాలి. రోజంతా కూర్చుని పనిచేసే ఉద్యోగులకు 4 నుంచి 8 గంటలన్నది ఓవాస్ప్ సూచన. అది సాయంత్రం రద్దీలో వచ్చి పడకుండా చూసుకోండి. కౌంటర్ ముందు వరుస ఉన్నప్పుడు పాస్‌వర్డ్ అడిగితే దాన్ని కాగితం మీద రాసి మానిటర్‌కు అతికిస్తారు.

మేము ఏ సమయమూ పెట్టలేదు. ఇప్పుడు ఎంత ఉన్నట్టు?

దేనితో చేశారన్నదాన్నిబట్టి ఉంటుంది. పీహెచ్‌పీలో 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు. ఏఎస్‌పీ డాట్ నెట్‌లో 20 నిమిషాలు, టామ్‌క్యాట్‌లో 30, లారవెల్‌లో 120. వర్డ్‌ప్రెస్‌లో రెండు రోజులు, 'గుర్తుంచుకో' గడిలో టిక్కు పెడితే 14 రోజులు. కదలిక లేనివాళ్లను పంపించే ఏర్పాటు వర్డ్‌ప్రెస్‌లో సొంతంగా లేదు, దానికి ప్లగిన్ వేసుకోవాలి. జాంగోలో రెండు వారాలు. అది కూడా మీరు చివరగా పేజీ చూసిన క్షణం నుంచి కాదు, సెషన్‌లో చివరిసారి ఏదైనా మారినప్పటి నుంచి. ప్రతి సందర్శనకూ గడువు జరగాలంటే దాని సెట్టింగ్ వేరే ఉంది.

పీహెచ్‌పీ వాళ్లు జాగ్రత్తగా ఉండాల్సిన సంగతొకటి ఉంది. ఆ 24 నిమిషాలు కచ్చితమైన గడువు కాదు, పాత సెషన్లను ఊడ్చేయవచ్చని చెప్పే హద్దు మాత్రమే. ఆ ఊడ్చే పని మామూలుగా నూటికి ఒక సందర్శనలో జరిగే అవకాశంతో నడుస్తుంది. రోజుకు పాతికమంది వచ్చే వెబ్‌సైటులో పాత సెషన్ గంటల తరబడి బతికే ఉండవచ్చు. చివరి కదలిక సమయాన్ని మీరే సెషన్‌లో రాసుకుని, ప్రతిసారీ మీరే లెక్క చూసుకోండి.

దీని గురించి చట్టం ఏమైనా చెబుతోందా?

ఇన్ని నిమిషాలని చెప్పదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తగిన భద్రతా చర్యలు ఉండాలంటుంది, ఆ విషయంలో విఫలమైతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకూ ఉండవచ్చు. ఇంటర్నెట్ సెంటర్లకు 2011 నాటి సైబర్ కేఫ్ నియమాలున్నాయి. గదులూ అడ్డుగోడలూ లేని చోట కంప్యూటర్ తెరలు అందరూ తిరిగే ఖాళీ స్థలం వైపు తిరిగి ఉండాలన్నది అందులో ఒకటి. అంటే వదిలేసి వెళ్లిన పేజీ వరుసలో నిలబడ్డవాళ్లందరికీ కనిపిస్తుంది.

## తయారు చేసేటప్పుడు

పేజీలో జావాస్క్రిప్ట్ టైమర్ పెట్టాను. ఇంకేం కావాలి?

అసలు పనే మిగిలి ఉంది. ఆ టైమర్ వాడేవాళ్ల కంప్యూటర్‌లో నడుస్తుంది. ల్యాప్‌టాప్ మూత వేస్తే అదీ నిద్రపోతుంది. ట్యాబ్ వెనక్కి వెళ్లి అయిదు నిమిషాలు దాటితే అలాంటి టైమర్లను నిమిషానికి ఒక్కసారే కదలనిస్తుంది క్రోమ్, 2021లో వచ్చిన 88వ వెర్షన్ నుంచి. జావాస్క్రిప్ట్ ఆపేసినవాళ్ల దగ్గర అసలు నడవదు.

సర్వరు ప్రతి అభ్యర్థనకూ చివరి కదలిక సమయం చూడాలి, గడువు దాటితే ఆ సెషన్‌ను చెరిపేసి లాగిన్ పేజీకి పంపాలి. పేజీలోని టైమర్‌కు రెండే పనులు: ముందుగా హెచ్చరించడం, గడువు తీరగానే తెరమీది వివరాలను కనబడకుండా చేయడం. అది కూడా సెకన్లు ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకోకూడదు. చివరి కదలిక గడియారంలో ఎప్పుడో రాసుకుని, ట్యాబ్ మళ్లీ ముందుకు రాగానే తేడా చూసుకోవాలి. మూత తెరిచిన మరుక్షణం గడువు దాటిందని దానికి తెలియాలి.

నేను టైపు చేస్తూనే ఉన్నాను, అయినా బయటకు తోసేసింది. ఎందుకు?

మీరు టైపు చేస్తున్నారని సర్వరుకు తెలియదు కనుక. అన్ని ఫిర్యాదుల్లోకీ న్యాయమైనది ఇదే. కలెక్టరుకు అర్జీ రాసే మనిషి తెలుగులోనో ఒడియాలోనో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ అరగంట కొడతారు. అంతసేపూ సర్వరుకు ఒక్క అభ్యర్థన కూడా వెళ్లదు. దాని లెక్కలో ఆయన లేచి వెళ్లిపోయిన మనిషి.

టైపింగ్ జరుగుతున్నప్పుడు ఒకటి రెండు నిమిషాలకోసారి పేజీనుంచి సర్వరుకు చిన్న సంకేతం వెళ్లాలి. నిజంగా ఏదైనా రాసినప్పుడే వెళ్లాలి సుమా! ఊరికే గడియారం ప్రకారం పంపితే ఖాళీ కుర్చీ కూడా రాత్రంతా లాగిన్‌లోనే ఉంటుంది. ఏది కదలిక అన్నదాంట్లోనూ జాగ్రత్త. మీట నొక్కిన ఘటనను మాత్రమే నమ్ముకోకండి. ఆండ్రాయిడ్ కీబోర్డుల్లో చాలావాటికి ఏ అక్షరం కొట్టినా 229 అనే ఒకే కోడ్ వస్తుంది, మాటను జాబితాలోంచి ఎంచుకున్నా చెప్పి రాసినా ఆ లెక్క ఇంకా తప్పుతుంది. గడిలోని పాఠం మారిందని చెప్పే 'ఇన్‌పుట్' ఘటనను వినండి. పేజీ జరపడాన్ని లెక్కలోకి తీసుకోండి, ఎందుకంటే చదవడమూ పనే. మౌస్ కదలికను వదిలేయండి, బల్ల ఊగినా బాణం గుర్తు కదులుతుంది.

రాసినదంతా పోతోందని జనం తిడుతున్నారు. ఎలా ఆపాలి?

లాగౌట్ వల్ల మనిషి బయటకు వెళ్లాలి, రాసింది పోకూడదు. సగం నింపిన దరఖాస్తును చిత్తుప్రతిగా సర్వరులోనే, ఆ మనిషి పేరు మీదే, అప్పుడప్పుడూ భద్రపరచండి. మళ్లీ లాగిన్ కాగానే "మీరు ఆపిన దరఖాస్తు ఇక్కడుంది" అని చూపండి. బ్రౌజర్‌లోని లోకల్ స్టోరేజ్‌లో దాచడం సులువే, కానీ అందరూ వాడే కంప్యూటర్‌లో అది తర్వాత వచ్చినవాళ్లకు వదిలిపెట్టిన ఉత్తరమవుతుంది. అప్‌లోడ్ కోసం ఎంచుకున్న ఫైళ్లు మాత్రం మళ్లీ ఎంచుకోవాల్సి వస్తుంది, ఆ సంగతి ముందే రాసి ఉంచండి.

గడువు తీరిన తర్వాత 'పంపు' నొక్కినవాళ్ల సంగతి కూడా ఆలోచించండి. లారవెల్ వెబ్‌సైట్లలో 419 అన్న అంకెతో ఖాళీ పేజీ వస్తుంది, దాన్ని చూసి ఎవరికీ ఏమీ అర్థం కాదు. లాగిన్ పెట్టెను అదే పేజీ మీద తెరిచి, పాస్‌వర్డ్ తీసుకుని, కొత్త భద్రతా టోకెన్‌తో మళ్లీ పంపించండి. అయితే వచ్చింది పాత మనిషేనా అని సరిచూశాకే పంపాలి. లేకపోతే ఒకరి అర్జీ ఇంకొకరి పేరు మీద నమోదవుతుంది.

హెచ్చరిక ఎప్పుడు చూపాలి? ఏ భాషలో?

అందరికీ అందుబాటుగా ఉండే వెబ్ కోసం పెట్టిన డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాలు హెచ్చరిక తర్వాత కనీసం 20 సెకన్ల వ్యవధి ఇవ్వాలనీ, ఒక్క మీటతో పొడిగించుకునే వీలు కనీసం పది సార్లు ఉండాలనీ అంటాయి. కౌంటర్ పక్కన నిలబడి కాగితాలు సర్దుకునే మనుషులకు 20 సెకన్లు చాలవు. రెండు నిమిషాలు ఇవ్వండి.

భాష విషయంలో మన వైపు పరిస్థితి వేరు. ఇంట్లో తెలుగే మాట్లాడినా ఒడియా మాధ్యమంలో చదివిన పిల్లలకు తెలుగు లిపి రాకపోవచ్చు. వాళ్ల నాయనమ్మ తెలుగు మాత్రమే చదువుతుంది. రెండు లిపుల్లోనూ ఒకదాని కింద ఒకటి చూపండి. "మీరు ఇంకా ఇక్కడే ఉన్నారా? 2 నిమిషాల్లో లాగౌట్ అవుతుంది" అని చాలు, కింద 'ఉన్నాను' అన్న బటన్. ఎర్ర రంగూ మెరుపులూ వద్దు, వైరస్ అనుకుని ప్లగ్ పీకేస్తారు. బ్రౌజర్ సొంత అలర్ట్ పెట్టె కూడా వద్దు. దాన్ని మూసేదాకా పేజీలోని జావాస్క్రిప్ట్ ఆగిపోతుంది, దాంతోపాటే మీ లెక్కింపూ ఆగుతుంది.

రెండు ట్యాబ్‌లు తెరిస్తే, పని చేస్తున్నదాంట్లోంచి కూడా బయటకు పంపేస్తోంది!

ఊరికే ఉన్న ట్యాబ్ తన టైమర్ చూసుకుని అందరికీ కలిపి లాగౌట్ కొట్టేసింది. చివరి కదలిక సమయాన్ని ట్యాబ్‌లన్నీ పంచుకోవాలి. లోకల్ స్టోరేజ్‌లో ఒక అంకె రాసినా, బ్రాడ్‌కాస్ట్ ఛానెల్ వాడినా సరే. ఒకదాంట్లో లాగౌట్ అయితే మిగతావీ వెంటనే మూసుకోవాలి.

లాగౌట్ అయ్యాక వెనక్కి బాణం నొక్కితే పాత పేజీ కనిపిస్తోంది.

అది బ్రౌజర్ దాచుకున్న నకలు. లాగిన్ అయ్యాక కనిపించే పేజీలన్నిటికీ క్యాష్ కంట్రోల్ హెడర్‌లో (పేజీతోపాటు సర్వరు బ్రౌజర్‌కు పంపే సూచనలో) 'నో స్టోర్' పెట్టండి. లాగౌట్ జవాబుతోపాటు 'క్లియర్ సైట్ డేటా' హెడర్ కూడా పంపితే ఇంకా మంచిది.

మేము జేడబ్ల్యూటీ టోకెన్లు వాడుతున్నాం. ఎలా లాగౌట్ చేయాలి?

జేడబ్ల్యూటీ అంటే ఎవరు లాగిన్ అయ్యారో, గడువు ఎప్పుడో తనలోనే రాసి ఉండే, సర్వరు సంతకం చేసిన టోకెన్. లోపల రాసిన గడువు తీరేదాకా అది చెల్లుతూనే ఉంటుంది, మధ్యలో రద్దు చేయడానికి సర్వరు దగ్గర పుస్తకమే లేదు. గడువు పది నిమిషాలకు కుదించి, దాన్ని కొత్తది చేసే రిఫ్రెష్ టోకెన్ల లెక్క సర్వరులో పెట్టుకోవాలి. ఒక సంఘం సభ్యత్వ వెబ్‌సైటుకు ఇంత హంగు ఎందుకో నాకు అర్థం కాదు. మామూలు సెషన్ హాయిగా పనిచేస్తుంది.

## వాడకంలోకి వచ్చాక

పరీక్షించాలంటే ప్రతిసారీ పావుగంట కూర్చోవాలా?

అక్కరలేదు. గడువును సెట్టింగ్‌గా ఉంచి, పరీక్ష నకలులో ఒక్క నిమిషానికి తగ్గించండి. ల్యాప్‌టాప్ మూత వేసి తెరవండి. వైర్ పీకేసి మళ్లీ వెలిగించి, పాత పేజీలు తెరవమనండి. అన్నిటికన్నా ముఖ్యంగా, లాగౌట్‌కు ముందు కుకీ విలువను రాసి పెట్టుకుని, లాగౌట్ అయ్యాక ఇంకో బ్రౌజర్‌లో దాన్నే పెట్టి చూడండి. ఖాతా తెరుచుకుంటే సర్వరు ఏమీ చెరపలేదన్నమాట.

ప్రయాణంలో ఉంటే మాటిమాటికీ లాగౌట్ అవుతోంది.

సెషన్‌ను ఐపీ చిరునామాతో (ఇంటర్నెట్‌లో ఆ కనెక్షన్‌ను గుర్తించే నంబరుతో) ముడివేసి ఉంటారు. ఫోను కంపెనీలు ఎంతోమందిని ఒకే చిరునామా వెనుక ఉంచుతాయి, ఆ చిరునామా మారుతూ ఉంటుంది. నౌపడా–గుణుపురం రైల్లో కూర్చున్న మనిషి ఫోను పాతపట్నం దగ్గర ఆంధ్ర టవరును, పర్లాకిమిడి దగ్గర ఒడిశా టవరును పట్టుకోవచ్చు. చిరునామా మారిందని దొంగను చేయకండి, ఆ ముడి తీసేయండి. అలాగే టైపింగ్ జరుగుతోందని పేజీ సర్వరుకు పంపే సంకేతం ఒకసారి చేరకపోతే దాన్ని కదలిక లేకపోవడంగా లెక్కించకుండా మళ్లీ ప్రయత్నించండి.

ఒక్క కంప్యూటర్‌లో మాత్రం లాగిన్ కాగానే "గడువు తీరింది" అంటోంది.

ముందు ఆ కంప్యూటర్ తేదీ చూడండి. మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ గడియారం తప్పుతుంది. బ్యాటరీ మార్చమని చెప్పండి, మీ పేజీనీ సరిచేయండి. సర్వరు నుంచి 'ఫలానా గంటకు గడువు' అని కాకుండా 'ఇంకా ఇన్ని సెకన్లు' అని పంపితే ఎవరి గడియారం ఎలా ఉన్నా చిక్కు రాదు. సర్వరు గడియారం మాత్రం కచ్చితంగా ఉండాలి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ ఇచ్చిన ఆదేశాలు సర్వర్ల సమయాన్ని ఎన్ఐసీ (జాతీయ సమాచార కేంద్రం) లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల సమయంతో సరిపెట్టుకోవాలంటాయి.

'నన్ను గుర్తుంచుకో' గడి పెట్టవచ్చా?

పెట్టవచ్చు, ముందే టిక్కు పెట్టి మాత్రం ఉంచకండి. పక్కన "సొంత ఫోనులో మాత్రమే" అని రాయండి. గుర్తుంచుకున్న మనిషైనా బ్యాంకు ఖాతా మార్చబోతే, డబ్బు పంపబోతే పాస్‌వర్డ్ మళ్లీ అడగండి.

నేను వెబ్‌సైటు చేసేవాణ్ని కాదు, ఇంటర్నెట్ సెంటర్ నడుపుతాను. నా చేతిలో ఏముంది?

చాలా ఉంది. ఒక్కో మనిషికి బ్రౌజర్‌ను గెస్ట్ మోడ్‌లో తెరిచి ఇవ్వండి, వాళ్లు లేవగానే ఆ కిటికీలన్నీ మూసేయండి, కుకీలు వాటితోపాటే పోతాయి. మామూలు బ్రౌజర్‌లో పాస్‌వర్డులు దాచే ఏర్పాటునూ, ఆపిన చోటినుంచి కొనసాగించే ఏర్పాటునూ ఆపేయండి. ప్రింటు కోసం వాట్సాప్ వెబ్ తెరిచినవాళ్ల చేత, వెళ్లేముందు వాళ్ల ఫోనులోనే 'లింక్ చేసిన పరికరాలు' తెరిపించి మీ కంప్యూటర్‌ను తీసేయించండి. ఇక డౌన్‌లోడ్ల ఫోల్డర్: ఏ వెబ్‌సైటు ఎంత బాగా లాగౌట్ చేసినా అందులో పడిన ఆధార్ కార్డులూ మార్కుల జాబితాలూ అక్కడే ఉంటాయి. రాత్రి షట్టర్ దించే ముందు ఆ ఫోల్డరునూ రీసైకిల్ బిన్‌నూ ఖాళీ చేయండి, ప్రింటర్ వరుసలో ఆగిపోయిన కాగితాలు ఏమైనా ఉంటే రద్దు చేయండి.